రెండువందల పద్నాలుగు లైకులు

మంగళవారం పొద్దున ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. పక్షవాతం వచ్చి మంచానికే అతుక్కుపోయిన భద్రు. అతని భార్య సక్రి. ఎనిమిదింటికి పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకొచ్చి, గడప దాటకుండానే తిరిగిపోయిన పక్కింటి సోమ్లి. కొడుకు గోప్యా ఆరింటికే డ్యూటీకి వెళ్లిపోయాడని చెప్పారు కాబట్టి అతని పేరు ఆ వరుసలో లేదు. కూతురు ప్రమీల పేరు కూడా లేదు. ఆమె అప్పటికే వాగులో ఉంది.

సీఐ బాబూరావు రాయించిన ఆ వాంగ్మూలం జిరాక్సును మెహ్రీన్ మూడోసారి చదివి మడిచి సంచిలో పెట్టుకుంది. కాగితం అడుగున సక్రి వేలిముద్ర ఉంది.

గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది. సాయంత్రం నాలుగింటికి మొహసిన్‌ను మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. ఉన్నది మూడు గంటలకన్నా తక్కువ.

మొహసిన్‌ది మణుగూరులో మోటార్ వైండింగ్ షాపు. వచ్చే నెలలో ప్రమీలా అతనూ రిజిస్టర్ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. సోమవారం సాయంత్రం ఏడూ నలభైకి ఆమెను తండా రోడ్డు మీద దింపి వెళ్లాడు. ఆ తర్వాత ప్రమీల ప్రాణాలతో ఎవరికీ కనబడలేదు. తెల్లవారి ఇప్పపువ్వు ఏరడానికి వచ్చిన అవతలి ఊరివాళ్లకు శవం కనిపించింది. తల వెనక దెబ్బ. బుధవారం సాయంత్రం సీఐ మొహసిన్ అరెస్టు చూపించాడు. ఆ రాత్రికే మొహసిన్ తల్లి అమీనా బీ ఖమ్మంలో మెహ్రీన్ డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూలబడి, "నా కొడుకు తప్పు చేసి ఉంటే అదైనా నువ్వే చెప్పు బేటీ. ఫోన్లో చదివి తెలుసుకోలేను" అంది.

మెహ్రీన్‌కు మనుషుల కళ్లలోకి చూసి మాట్లాడటం చిన్నప్పటి నుంచీ చేతకాదు. తల వంచుకునే ప్రశ్నలు వేస్తుంది. చాలామంది దాన్ని భయమనుకుని అబద్ధాలు ధారాళంగా ఆడేస్తారు. ఆమెకు కావలసిందీ అదే.

భద్రు ఇంటి రేకుల పంచలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న బాబూరావు ఆమెను చూసి నవ్వాడు.

"ఏం మేడం, ఇంకా ఈడనే ఉన్నరా? మీవాణ్ని చూసొచ్చిన్రా, బిర్యానీ గిట్ల తెచ్చిన్రా?"

"మూడు టైములు చెప్పండి సార్. రాసుకొని పక్కకు పోత."

"అడుగున్రి."

"ఫేస్‌బుక్‌ల 'అడవి అంచు' న్యూస్ పేజీలో శవం సంగతి ఎప్పుడు పెట్టిన్రు?"

"ఏడూ పదికి. ఆ రిపోర్టరు నాకంటే ముందే వాగు కాడికి పోయిండు."

"అందులో ప్రమీల పేరుందా?"

"పేరేడిది? 'గుర్తు తెలియని యువతి' అన్నడు. ఫోటో గూడ మన వాగుది కాదు. ఏడిదో నది నెట్‌ల తీసి అంటించిండు."

"ప్రమీల అని మీకెప్పుడు తెలిసింది?"

"పదకొండూ ఇరవైకి. కిందికి కొట్టుకుపోయిన బ్యాగుల కార్డు దొరికింది. పదకొండున్నరకు గోప్యాకు నేనే ఫోన్ చేసిన. బొగ్గు గని కాడ మట్టి టిప్పర్ తోలుతున్నడు. ఫోన్లనే గొల్లుమన్నడు పాపం. అయిపోయినయా మూడు?"

"ఆరింటికే డ్యూటీకి పోయినట్టు రుజువుందా సార్?"

"హాజరుపట్టీల పేరుంది."

"ఆ హాజరు మున్షీ సాయంత్రం ఒక్కసారే అందరికీ వేస్తడట. పొద్దున వచ్చేటప్పుడు అడిగొచ్చిన."

బాబూరావు నవ్వు కొంచెం తగ్గింది. మెహ్రీన్ తన ఫోన్ తీసి అతని ముందు పెట్టింది.

"ఆ పోస్టు కింద వెయ్యీ ఐదువందల కామెంట్లున్నయ్. ఖమ్మం నుంచి బస్సుల వస్తూ అన్నీ చదివిన."

"పనిలేక."

పనిలేకనే కావచ్చు. కానీ ఆ బస్సులో మూడున్నర గంటల సేపు మెహ్రీన్ కిటికీలోంచి బయటకు చూడలేకపోయింది. పేరు తెలియదు, ఊరు తెలియదు, ముఖం తెలియదు. అయినా చచ్చిపోయిన ఆ పిల్ల ఎలాంటిదో వెయ్యీ ఐదువందల మందికీ తెలిసిపోయింది. 'ఎవడితోనో లేచిపోయి ఉంటది, ఫలితం దక్కింది.' 'ఫోటో పెట్టండి, బాగుంటే ఏడుస్తాం.' 'ఒక శని వదిలింది.' వాటి కింద నవ్వు బొమ్మలు, ఆ నవ్వులకు మళ్లీ నవ్వులు. మధ్యలో ఎక్కడో 'పాపం, ఏ తల్లి బిడ్డో' అని ఒకామె రాస్తే, 'నీ బిడ్డేనేమో చూసుకో' అని పదిమంది ఆమె మీద పడ్డారు.

"కామెంట్ల మీద లైకులు చూడండి సార్. మొదటి దాని నుంచి తొమ్మిదీ నలభై ఆరుకు వచ్చిన దాని దాకా రెండువందల పద్నాలుగు కామెంట్లు. ఒక్కటి విడవకుండా అన్నిటికీ లైక్ కొట్టిన పేరు ఒకటే. గోప్యా నాయక్. ఆ తర్వాత వచ్చిన పదమూడువందల్లో ఒక్కదానికీ లేదు."

బాబూరావు వంగి చూశాడు. వేలితో పైకీ కిందికీ జరిపాడు. అతని కనుబొమలు ఒక్క క్షణం దగ్గరికొచ్చి మళ్లీ విడిపోయాయి.

"అయితే? చెల్లె పరువు తీసింది. కోపంల లైకులు కొట్టి ఉంటడు. రాత్రి ఇంటికొచ్చినంక."

"రాత్రి కొడితే సాయంత్రం వచ్చిన బూతులకు కూడా కొట్టాలె గదా. పొద్దున తొమ్మిదీ నలభై ఆరుకే ఎందుకు ఆగిపోయిండు? చచ్చింది ఎవరో మీకే తెలియని టైంల గోప్యాకు కోపం ఎట్ల వచ్చింది?"

"మేడం." బాబూరావు ఫోన్ తిరిగిచ్చేశాడు. "లైకులు పట్టుకొని కోర్టుకు పోతరా? ఆఖరుసారి ఆ పిల్లతోని కనిపించింది మొహసిన్. నిన్న నా పోస్టు చూసిన్రా? ముప్పైఆరు గంటల్లో కేసు ఛేదించిన సీఐ అని. నాలుగు వేల మంది దండం పెట్టిన్రు."

"ఆ నాలుగు వేల మందిలో ఒక్కరన్నా వాగు కాడికి వచ్చిన్రా సార్?"

అతని ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం మెత్తబడింది.

"మీ ఫోటో గూడ పెట్టియ్యమంటరా? ముద్దాయి తరఫున తిరుగుతున్న ఆడామె అని. ఎక్కువేం రాయను. ఆ ఒక్క ముక్క చాలు. పొద్దుమూకేసరికి మీ తాతల దాక కడిగి ఆరేస్తరు."

మెహ్రీన్ తల వంచుకుంది. అతను ఆ పని చేయగలడని ఆమెకు తెలుసు.

"గోప్యా ఏడున్నడు సార్?"

"దినాల సామాన్లకు మణుగూరు పోయిండు. నేను వాగు కాడికి పోయొస్త. ఆ ముసలామె నోటితోని, నా ముందర, గోప్యా పొద్దున ఇంట్లనే ఉండె అని చెప్పించున్రి. చెప్పిందా, మొహసిన్‌ను కోర్టు కాడికెళ్లి వెనక్కు తెస్త. చెప్పలేదా, ఇగ నా దారిల అడ్డం రావద్దు."

జీపు వెళ్లిపోయింది.

వాకిట్లో ఎండబెట్టిన మిరపకాయలను సోమ్లి పారతో తిరగేస్తోంది. చావు ఇంటి మిరపకాయలు ఎండకు నల్లబడితే ఎవరు కొంటారని, రెండు రోజులుగా ఆమే చూసుకుంటోంది. మెహ్రీన్ పక్కన కూర్చుంది.

"మంగళారం పొద్దున లోపలికెందుకు పోలేదు అక్కా?"

"ఏమో. తలుపు సగం ఏసి ఉండె. సక్రమ్మ మంచం పక్కన కింద కూసోని, ముసలాయన ఫోన్ల వేలుతోని గీకుతుంది. కండ్లు ఉబ్బిపోయినయ్. ఏందే అంటే, పొయ్యి పొగ అన్నది. పొయ్యి రాజుకున్నట్టు నాకైతే కనబళ్లే."

"ముసలాయనకు ఫోనుందా?"

"అదా? గోప్యాది పాతది. పగిలిపోతే అయ్యకిచ్చిండు, పాటలు ఇనెతందుకు. అది గూడ కొడుకు ఇంట్లుంటేనే. కొడుకు బండెక్కంగనే పాటలు బంద్. ముసలాయన పొద్దుమూకేదాక వాకిలి దిక్కు మొఖం పెట్టుకొనే ఉంటడు. అందరం కొడుకు మీద ఎంత ప్రేమ, ఎంత పావురమో అనుకున్నం. పాటల కోసమేనని నాకు ఈ మధ్యనే ఎరుకైంది." సోమ్లికి నవ్వొచ్చింది, చావు ఇల్లని గుర్తొచ్చి ఆపుకుంది.

మెహ్రీన్ లేచి లోపలికి వెళ్లింది.

ఒకటే గది. గోడవార మంచం మీద భద్రు. కుడిచెయ్యి మడత విప్పని బట్టలా పడి ఉంది. రెండు కళ్లలోనూ పొర. తలగడ పక్కన ఫోన్, అద్దం పగిలి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. మెహ్రీన్ "చూడొచ్చా తాతా?" అని అడిగింది. భద్రు నోరు కదిలింది, మాట రాలేదు. ఆమె ఫోన్ అంచునున్న సన్నని సిమ్ అరను గోటితో లాగి చూసింది. సిమ్ లేదు.

సిమ్ లేని ఫోన్‌కు నెట్ ఇంకొక ఫోన్ నుంచి రావాలి. ఆ ఇంకొక ఫోన్ నాలుగడుగుల దూరంలో ఉండాలి. గోప్యా ఇంట్లో ఉంటేనే పాటలు.

తెర వెలిగించింది. గోప్యా పేరుతోనే ఫేస్‌బుక్ తెరిచి ఉంది. అదే పోస్టు. నెట్ పోయిన చోటే బిగుసుకుపోయి, చివరి కామెంటు పక్కన నీలిరంగు వేలు. టైము తొమ్మిదీ నలభై ఆరు.

అంటే గోప్యా మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభై ఆరు దాకా ఈ గోడల మధ్యే ఉన్నాడు.

ఇంకొకటి కూడా ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఆ రెండువందల పద్నాలుగులో నూటముప్పయ్యో కామెంటు శవం గురించి కాదు. 'మోకాళ్ల నొప్పులా? మా తైలం వాడండి' అని ఎవడో పెట్టిన ప్రకటన. దానికీ లైక్ ఉంది. 'ఏ తల్లి బిడ్డో' అన్నదానికీ ఉంది, ఆమెను తిట్టిన పదింటికీ ఉంది. చదవగలిగినవాడెవడూ అలా కొట్టడు. గోప్యా ఇంటర్ దాకా చదివాడు. భద్రుకు చూపూ లేదు, చెయ్యీ లేదు.

మిగిలింది వేలిముద్ర వేసిన మనిషి.

కానీ ఎందుకు? తెలియని వాళ్లందరికీ, ఒక్కరిని కూడా విడవకుండా?

జవాబు అప్పుడే ఆటోలో వచ్చింది. పై తండా ఆడవాళ్లు ఐదుగురు దిగారు. ఇంటి వెనక పొయ్యి దగ్గర కూర్చున్న సక్రి లేచి వచ్చి, ఒక్కొక్కరినే మెడ పట్టుకుని, తలకు తల ఆనించి, రాగం తీసి ఏడ్చింది. ఒకరితో అయ్యాక మరొకరు. ఐదో ఆమె దూరంగా, ఆటో దగ్గరే నిలబడిపోయింది. సక్రి తానే నడిచి వెళ్లి ఆమె మెడ కూడా పట్టుకుంది.

"ఆమె దస్రు పెండ్లాం," సోమ్లి గుసగుసగా అంది. "పొలం గట్టు పంచాయితీల సక్రమ్మ జుట్టు పట్టి ఈడ్చింది పోయిన వానకారుల. మాటల్లేవు. అయినా గంతే. ఏడ్వనీకి వచ్చినోళ్లు పగోళ్లయినా పలకాలె. ఒక్కలకు పలకకపోయినా పోయినోళ్లకు నిమ్మళం ఉండదు."

రెండువందల పద్నాలుగు మంది. ఆ తల్లి ఒక్కొక్కరికీ పలికింది.

ఫోన్ తలగడ పక్కనే పెట్టేసింది. తాను తీసుకుంటే అది దొంగతనం. సక్రి తన చేత్తో సీఐకి ఇస్తేనే సాక్ష్యం. టైము రెండూ ఐదు.

ఆడవాళ్లు వెళ్లాక మెహ్రీన్ పొయ్యి దగ్గరికి వెళ్లి సక్రి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, గోప్యా మంగళారం ఎన్నింటికి పోయిండు?"

"చెప్పిన గదా బిడ్డా. ఆరింటికి."

"పాత ఫోన్ల నువ్వెందుకు వేలు పెట్టినవ్?"

సక్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరో తెలియని పిల్ల చచ్చిపోయిందని రాసిన్రమ్మా అండ్ల. నీకు చదువు రాదు. బొమ్మ మన వాగుది కాదు. అది నీ బిడ్డ సంగతేనని నీకెవరు చెప్పిన్రు?"

"నాకేం ఎరుక లేదు."

మెహ్రీన్ టైము చూసింది. రెండూ పన్నెండు. ఈ తల్లి నోరు తెరిపించే దారి ఒక్కటే ఉంది. అది మంచి దారి కాదు. మొహసిన్‌ను తలచుకుంది. మెట్ల మీద కూర్చున్న అమీనా బీని తలచుకుంది. తన ఫోన్ తెరిచింది.

"నువ్వు పలికినోళ్లు ఏమన్నరో చదవమంటవా?"

"ఏడ్చిన్రు గదా," సక్రి అంది. "అందరు ఏడ్చిన్రు."

"మొదటాయన ఇట్ల రాసిండు. 'ఎవడితోనో లేచిపోయి ఉంటది, ఫలితం దక్కింది.'"

సక్రి అర్థం కానట్టు చూసింది.

"రెండో ఆయన. 'ఒక శని వదిలింది.' మూడో ఆయన. 'ఫోటో పెట్టండి, బాగుంటే ఏడుస్తాం.'"

"అబద్ధం."

"'ఇట్లాంటివాళ్లు చావాల్సిందే.' ఇది ఒక ఆడామె రాసింది. బడి పంతులమ్మనని పేరు పక్కనే పెట్టుకుంది. 'వాగు నీళ్లు ఖరాబైనయ్.' 'పోలీసులు టైం వేస్ట్ చెయ్యకుండ్రి.'" మెహ్రీన్ తల ఎత్తలేదు. ఎత్తితే చదవలేనని తెలుసు. "'ముందు ఇట్లాంటి బిడ్డను కన్న తల్లిని చెప్పుతో కొట్టాలె.'"

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది.

"దానికి గూడ నొక్కిన్నా?"

"నొక్కినవ్ అమ్మా."

"నొక్కితే ఏమైతది?"

"మంచిగ అన్నవ్ అని."

సక్రి తన కుడిచేతి బొటనవేలిని చూసుకుంది. తిప్పి చూసుకుంది. అది ఎవరిదో అయినట్టు.

"గవన్నిటికి నేను అవ్ అన్ననా?"

అప్పుడు సక్రి ఎవరికీ కాకుండా, పొయ్యికి చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"రాత్రంత రాలే వాడు. ఏడున్నర బడి బస్సు పోయినంక వచ్చిండు. ప్యాంటుకు మోకాళ్ల దాక బురద. 'ప్రమీల పోయిందే' అన్నడు. నేను నోరు తెరిచిన. చేత్తోని మూసిండు. 'పోలీసులు వస్తరు, ఒర్రకు' అన్నడు. ముసలాయన ఫోన్ తీసి చూపిచ్చిండు. 'గిదో, ఊర్లకూర్లు ఏడుస్తున్నయ్ దాని కోసం. నువ్వు నోరుతోని ఏడ్వకు. గిట్ల వేలుతోని పలుకు' అన్నడు. కండ్లనీళ్లు కారుతనే ఉన్నయ్, వచ్చినోళ్లకు వచ్చినట్టు పలికిన. ఇంతమంది ఉన్నరా నా బిడ్డకు అనుకున్న. నాకు జర ధైర్నం అయింది బిడ్డా."

"ఎందుకు చేసిండమ్మా వాడు?"

"ఆ పిల్లగాని బండి మీద కూసున్న ఫోటో వాట్సాపుల తిరిగిందట. దాని కింద వీని దోస్తులే రాసిన్రట, 'అన్న గాజులు తొడుక్కున్నడా' అని. పది దినాలు అన్నం సరిగ తినలే వాడు."

జీపు శబ్దం దూరంగా వినబడింది. రెండూ ఇరవై. మెహ్రీన్ మొదటిసారి తల ఎత్తి సక్రి కళ్లలోకి చూసింది.

"అమ్మా, ఈ మాట సీఐకి చెప్పు. ఆ ఫోన్ నీ చేత్తోని ఇయ్యి. నాలుగు కొడితే ఏ పాపం చెయ్యని పిల్లగాడు జైలుకు పోతడు. వాని తల్లిని గూడ గిట్లనే తిడుతున్నరు."

సక్రి లేచింది. ఇంట్లోకి వెళ్లి, భద్రు తలగడ పక్కనున్న ఫోన్ తీసింది. ఎండకు మెరిసిన పగిలిన అద్దాన్ని కొంగుతో తుడిచింది. మెహ్రీన్ గడప దాకా వచ్చి చెయ్యి చాచింది.

"నువ్వు చదవకపోతే ఇచ్చేదాన్ని," సక్రి అంది. ఆమె గొంతులో కోపం లేదు. "బిడ్డ కోసం లోకం ఏడ్చింది, కొడుకు పోయినా అట్లనే ఏడుస్తది, ఆ పిల్లగాని తల్లి ఉసురు నాకొద్దు అనుకొని ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఎరుకైంది గదా. సచ్చిన పిల్లను గన్ని మాటలు అన్నోళ్లు, చంపినోన్ని ఎన్ని అంటరు? ఒక్కన్నే ఉన్నడు నాకు. వాన్ని గూడ తీస్కపోయి వాళ్ల నోట్ల వెయ్యమంటవా?"

"వాడు నీ బిడ్డను చంపిండు అమ్మా!"

"అవ్. చంపిండు."

జీపు వాకిట్లో ఆగింది. బాబూరావు దిగి, గడియారం చూసుకుంటూ, "ఏం మేడం, చెప్పిందా?" అని కేక వేశాడు.

సక్రి అతని వైపు చూడలేదు. ఫోన్‌ను రెండు చేతులతో గుండెకు అదుముకుని, మెహ్రీన్ ముఖం మీదే తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంది.